నిమ్మకాయ తొక్కిన బారికేడ్

నేను ఒక పోలీసు బారికేడ్‌ను అని చెప్పగానే మీరు ముఖం చిట్లించుకుంటారని నాకు తెలుసు. పెళ్ళి ముహూర్తం దాటిపోతున్నప్పుడో, రైలు కూత వినిపిస్తున్నప్పుడో, సరిగ్గా మీ బండికి అడ్డంగా నిలబడింది నేనే. నన్ను చూసి మీరు హారన్ మోగించారు, గొణుక్కున్నారు, ఒకాయన అయితే దిగి వచ్చి కాలితో తన్నాడు కూడా. తన్నిన కాలు పట్టుకుని ఆయనే కుంటుకుంటూ వెళ్ళాడు, అది వేరే సంగతి. ఇనుము కాబట్టి నొప్పి తెలియలేదు గానీ, మనసు మాత్రం చివుక్కుమంది. అడ్డం పడటం నా ఉద్యోగం. ఏ ఉద్యోగమూ లేకుండా ఇదే పని చేసేవాళ్ళు మీ ఇళ్ళలో ఎంతమంది లేరు? వాళ్ళనెవరూ తన్నడం నేను చూడలేదు.

నేను పుట్టింది విశాఖపట్నంలో, గాజువాక వైపు ఒక వెల్డింగ్ షాపులో. ఆ షాపు యజమాని గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు చేసి బతికేవాడు. నాతోపాటు అదే రోజు ఒక ఉయ్యాల స్టాండు, ఒక కోళ్ళ గూడు కూడా తయారయ్యాయి. ఉయ్యాల పసిపాపను ఊపడానికి వెళ్ళింది, గూడు కోళ్ళను కాయడానికి వెళ్ళింది, నన్ను మాత్రం మనుషులను ఆపడానికి పంపారు. ముగ్గురిలోకీ కష్టమైన పని నా నెత్తిన పడింది. ఒళ్ళంతా పసుపు రంగు కొట్టారు, ఎర్ర చారలు గీశారు, మెరిసే స్టిక్కర్లు అంటించారు. కాళ్ళకు నాలుగు చక్రాలు బిగించారు. బ్రేకు మాత్రం పెట్టలేదు. ఆగి ఉండటమే దీని పని కదా, మళ్ళీ ఆగడానికి వేరే ఏర్పాటు దేనికి అనుకున్నట్టున్నారు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

రంగు ఆరకముందే నా నడుం మీద ఒక రేకు పలక బిగించారు. పోలీసులకు బారికేడ్లు ఎప్పుడూ వాళ్ళ డబ్బుతోనే రావు. ఏ నగల దుకాణమో, చీరల షాపో, కోచింగ్ సెంటరో చేయించి ఇస్తుంది, బదులుగా మా నడుముల మీద తన పేరు రాసుకుంటుంది. నాకు దొరికిన దాత ‘నిశ్చింత జనరల్ ఇన్సూరెన్స్’ అనే కంపెనీ. పైన పెద్ద అక్షరాలతో ‘పోలీస్’ అనీ, దాని కింద ‘మీరు హాయిగా నిద్రపోండి’ అనీ, ఆ కింద చీమ తలకాయంత అక్షరాలతో కంపెనీ పేరూ రాశారు. దూరం నుంచి చూసేవాళ్ళకు మొదటి రెండు ముక్కలే కనిపించేవి. దారిన పోయేవాళ్ళు చదువుకుని నవ్వుకునేవాళ్ళు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుళ్ళు మాత్రం దాన్ని పై అధికారుల ఉత్తర్వుగా భావించి, నా వెనక కుర్చీ వేసుకుని తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళు.

నన్ను వేసింది మూడుమెట్ల జంక్షన్ దగ్గర. కొండ మీద పోలీసు స్టేషను, అక్కడి నుంచి కిందికి జారిపోయే రోడ్డు, ఆ రోడ్డు చివర మునిసిపాలిటీ కుళాయి, కుళాయి పక్కన ఒక ఇడ్లీ బండి. స్టేషను ముందు నన్ను నిలబెట్టగానే కిందికి చూశాను. కళ్ళు తిరిగాయి. సముద్రపు గాలి వీపు మీద చెయ్యి వేసి ‘పద, పద’ అంటున్నట్టే ఉంది. అప్పుడు నన్ను కాపాడినవాడు హెడ్ కానిస్టేబుల్ తాతారావు. ఎక్కడినుంచో ఒక పాత ఇటుక తెచ్చి నా ముందు చక్రం కింద పెట్టాడు. అంతే, మేమిద్దరం అక్కడ స్థిరపడిపోయాం, నేనూ ఇటుకా.

తాతారావు గురించి చెప్పాలి. పొట్ట కొంచెం ముందు, మనిషి కొంచెం వెనక నడిచే రకం. సర్వీసంతా ఎండలో చెయ్యెత్తి, చెయ్యి దించి గడిపాడు. రిటైరు కావడానికి ఏడాది ఉంది. ఆ ఏడాదిలోపు ఏఎస్సై అయిపోయి, భుజం మీద ఒక్క చుక్క పెట్టుకుని ఇంటికి వెళ్ళాలన్నది ఆయన కోరిక. ప్రమోషన్ల జాబితాలో పేరు ఉందని తెలిసిన రోజే బజారుకు వెళ్ళి ఆ చుక్క కొనేసుకున్నాడు. దాన్ని కళ్ళజోడు డబ్బాలో దాచుకునేవాడు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు తీసి, భుజం మీద ఆనించి, ఆగి ఉన్న కారు అద్దంలో చూసుకునేవాడు. ఒకసారి ఆ కారులో మనిషి ఉన్నాడు. ఆయన భయపడి, అడగకుండానే లైసెన్సు తీసి చూపించాడు.

కింద ఇడ్లీ బండి బంగారమ్మది. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తే ఆ ఆవిరి వాసన పైన నా దాకా వచ్చేది. ఇడ్లీ, బొంబాయి చట్నీ, కారప్పొడి, అంతకుమించి ఆమె బండి మీద ఇంకేమీ ఉండదు. అది తినడానికి కలెక్టరాఫీసు గుమస్తాల నుంచి రేవు కూలీల దాకా నిలబడేవాళ్ళు. తాతారావు ప్రతి ఉదయం అక్కడే తినేవాడు. ఆయన్ని ఆమె ‘అన్నియ్యా’ అనేది, ఆమెను ఆయన ‘సెల్లీ’ అనేవాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఇడ్లీల మీద ఏర్పడిన చుట్టరికం అది, దానికి నేను సాక్షిని.

ఇక అసలు కథలోకి వస్తాను. ఒకనాడు నా నడుం మీది పలకకు కొత్త రంగు వేయించే వంకతో నిశ్చింత కంపెనీ ఏజెంటు ఫణిభూషణ్ వచ్చాడు. విజయవాడ మనిషి. బెల్టుకు రెండు ఫోన్లు, నోట్లో ఆగని మాట. రంగు డబ్బా కింద పెట్టి తిన్నగా ఎస్సై హైమావతి గారి దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. ఎండగా ఉందని ఆవిడ స్టేషను వరండాలో కుర్చీ వేయించుకోవడం నా అదృష్టం, లేకపోతే ఈ సంభాషణ నాకు దొరికేదే కాదు.

“మేడమ్, మీ ఉద్యోగం కత్తి మీద సాము అండి. లాఠీ ఎత్తితే ఒకడు కోర్టుకెళ్తాడు, ఎత్తకపోతే ఇంకొకడెళ్తాడు. మీ జీపు ఎవరి గోడకో తగుల్తుంది, మీ కుక్క ఎవరి పిక్కో పట్టుకుంటుంది. నష్టపోయినవాడు మీ మీద పడతాడు. మా పాలసీ ఉందనుకోండి, వాడికి మేం కడతాం. స్టేషన్‌కీ, స్టేషన్లో ఉన్న ప్రతి మనిషికీ రక్షణ అండి.”

“మావాళ్ళు తప్పు చేసినా కడతారా?” అని అడిగింది హైమావతి.

“మంచి ఉద్దేశంతో చేసిన తప్పయితే కడతాం మేడమ్.”

“చెడ్డ ఉద్దేశంతో చేస్తే?”

“అది మీరే కట్టుకోవాలండి.”

ఆవిడ వరండా చివర కుర్చీలో నోరు తెరుచుకుని కునుకు తీస్తున్న కానిస్టేబులు వైపు చూసింది. “ఏ ఉద్దేశమూ లేకుండా చేస్తే? మావాళ్ళవి ఎక్కువ ఆ రకమే.”

ఫణిభూషణ్ కాగితాలన్నీ తిరగేశాడు. దానికి ఏ పేజీలోనూ జవాబు లేదు. మంచి ఉద్దేశం కిందే లెక్కేసుకుందాం అన్నాడు. పోలీసుల సంక్షేమ సంఘం ఒప్పుకుంది, పాలసీ వచ్చేసింది. ఒక సాయంత్రం సిబ్బందినందరినీ నిలబెట్టి ఫణిభూషణ్ రెండే రెండు షరతులు గట్టిగా చెప్పాడు. మొదటిది, నష్టం డ్యూటీలో చేసిన పని వల్ల జరిగి ఉండాలి, సొంత వ్యవహారం వల్ల కాదు. రెండోది, ఏం జరిగినా సరే, నష్టపోయినవాడి దగ్గర తప్పు ఒప్పుకోకూడదు, జేబులోంచి రూపాయి తీసి ఇవ్వకూడదు. “పొరపాటైంది, క్షమించండి అన్నారో, పాలసీ అక్కడికక్కడే చచ్చినట్టండి!” అన్నాడు. క్షమించమని అడగకుండా ఉండటం మా స్టేషన్లో ఎవరికీ పెద్ద కష్టమనిపించలేదు. అలవాటైన పనే అనుకున్నారు.

దసరా వచ్చింది. పోలీసు స్టేషన్లో ఆయుధ పూజ మీరెప్పుడైనా చూశారా? తుపాకులను కడిగి, తుడిచి, వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెడతారు. బేడీలకు పెడతారు, వైర్‌లెస్ సెట్లకు పెడతారు, టైపు మిషన్‌కు పెడతారు. ఆ రోజు లాకప్‌లో ఉన్న ఒక జేబుదొంగకు కూడా ఎవరో భక్తిగా బొట్టు పెట్టారు. జీపుకు బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా పోనిచ్చారు. నిమ్మకాయలు చిట్లాయి, దిష్టి పోయింది, అందరూ చప్పట్లు కొట్టారు.

నేను బయట రోడ్డు మీద నిలబడి ఇదంతా చూస్తున్నాను. నాకు పూజ జరుగుతుందని నేనెప్పుడూ ఆశపడలేదు. కానీ ఆశపడనంత మాత్రాన ఎవరైనా పెడితే వద్దంటామా? తాతారావు కుంకుమ గిన్నెతో బయటికి వచ్చాడు, నన్ను చూశాడు.

“అయ్యో, దీన్ని మర్సిపోనాం. దీనికీ సక్రాలున్నాయి కదేటి” అన్నాడు.

నా నుదుట బొట్టు పెట్టాడు. అంటే ‘పోలీస్’ అన్న మాటకు సరిగ్గా నడిమధ్యన. ఒక బంతిపువ్వు గుచ్చాడు. నిజం చెప్తున్నాను, నా ఇనుప ఒళ్ళు పులకరించిపోయింది. తర్వాత ఆయన జేబులోంచి నిమ్మకాయ తీశాడు. వంగాడు. నా చక్రం కింద నిమ్మకాయ పెట్టడానికి చోటు లేదు. అక్కడ ఇటుక ఉంది. ఆయన ఇటుకను పక్కకు తీసి, ఆ చోట్లో నిమ్మకాయ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు.

ఇటుక ఆపినంత గట్టిగా నిమ్మకాయ ఆపలేదు. చిట్ మంది.

ఆయన కళ్ళు తెరిచేసరికి నేను బయలుదేరాను. ఏమని చెప్పను ఆ అనుభవం! పుట్టినప్పటి నుంచీ అందర్నీ ఆపడమే తప్ప కదలడం ఎరుగను. గాలి చెవుల్లో ఈల వేసింది. బంతిపువ్వు ఎగిరిపోయింది. పక్కనున్న కిళ్ళీ కొట్టు, చెప్పుల దుకాణం, ఆంజనేయస్వామి బొమ్మ ఉన్న గోడ, అన్నీ వెనక్కి పరిగెత్తాయి. వెనక తాతారావు ఈల ఊదుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ఆయన చేసిన తప్పు ఇక్కడే. ప్రమాదం అనుకోగానే ఇన్నేళ్ళ అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. రెండు చేతులూ చాచి, అటూ ఇటూ వచ్చే బండ్లన్నింటినీ ఆపేశాడు. నాకు అడ్డం పడగలిగిన ఆటోలూ, సిటీ బస్సూ బుద్ధిగా ఆగిపోయాయి. మంత్రిగారి కాన్వాయ్‌కి కూడా అంత చక్కగా దారి ఇవ్వలేదు మా తాతారావు ఎప్పుడూ. ఒక ఆటో డ్రైవరు నన్ను చూసి సలాం కూడా చేశాడు.

బంగారమ్మ అప్పుడే బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆ దేవుడు ఆమెను ఆ నాలుగడుగులు పక్కకు పంపినందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. నేను తిన్నగా వెళ్ళి ఆమె బండిని గుద్దేశాను. ఇడ్లీ పాత్ర గాల్లోకి లేచింది. బొంబాయి చట్నీ నా ఒళ్ళంతా పడింది, ‘హాయిగా నిద్రపోండి’ అన్న అక్షరాలు కనిపించకుండా పోయాయి. బండి చక్రం ఒకటి ఊడి తన దారిన తాను సముద్రం వైపు వెళ్ళిపోయింది. పైకప్పు రేకు నెమ్మదిగా, ఎవరో కూర్చోమన్నట్టు కూలబడింది.

“ఓలమ్మా, నా బండీ!” అని బంగారమ్మ బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అది పెళ్ళయిన కొత్తలో ఆమె మొగుడు చేయించి ఇచ్చిన బండి. ఆయన పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ బండే చదివించింది. తాతారావు రొప్పుతూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఏమనబోతున్నాడో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

“తాతారావ్! ఒక్క మాట మాట్లాడకు!” అని పైనుంచి హైమావతి గారి కేక వినిపించింది. ఆవిడ జీపులో దిగి వస్తూనే చెవి దగ్గర ఫోను పెట్టుకుంది. అవతల ఫణిభూషణ్ గొంతు నాకు కూడా వినిపించింది, “ఒప్పుకోవద్దనండి! ఒప్పుకోవద్దనండి!”

తాతారావు తెరిచిన నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. చివరికి బయటికి వచ్చిన మాట ఇది, “విచారణ జరుగుతాది.”

బంగారమ్మ వంగి, మట్టిలో పడిన ఇడ్లీలు ఏరుకుంటూ అంది, “అలాగే హెడ్డుగారూ.” అన్నియ్యా కాదు, హెడ్డుగారూ. ఆ మాట నన్ను తన్నినవాడి కాలికంటే గట్టిగా తగిలింది. తాతారావుకు ఎలా తగిలిందో ఆయన భుజాలు చూస్తే తెలిసింది.

సంగతి ఏమిటంటే, కంపెనీ ఒప్పుకుంటేనే బంగారమ్మకు కొత్త బండి. ఒప్పుకోకపోతే ఆమెకు బండీ లేదు, పైగా నష్టమంతా తాతారావు నిర్లక్ష్యం కింద రాసి మెమో ఇస్తారు. మెమో వచ్చినవాడి పేరు ప్రమోషన్ల జాబితాలోంచి ఎగిరిపోతుంది. ఇంకో జాబితా వచ్చేలోపు ఆయన రిటైరైపోతాడు. కళ్ళజోడు డబ్బాలోని చుక్క కళ్ళజోడు డబ్బాలోనే ఉండిపోతుంది. కాబట్టి కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా తాతారావు నోరు కుట్టేసుకోవాలి.

సర్వేయరు రావడానికి చాలా రోజులు పట్టింది. అప్పటిదాకా ఏదీ కదపకూడదన్నారు. నన్ను గొలుసుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. ఇటుకకు ఒక చీటీ కట్టి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. చిట్లిన నిమ్మకాయను ప్లాస్టిక్ కవరులో వేసి సీలు వేశారు. ఆ కవరుకు కాపలాగా ఒక కానిస్టేబుల్ని కూడా పెట్టారు. రెండు రోజుల్లోనే అది వాసన కొట్టడం మొదలుపెడితే ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని డ్యూటీ చేశాడు.

బంగారమ్మ నేల మీద మూడు రాళ్ళు పెట్టి, చిన్న కుక్కరులో ఇడ్లీలు వేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇడ్లీ గుడ్డలు ఉతికి నా మీద ఆరేసేది. సాక్ష్యం మీద గుడ్డలు ఆరేయకూడదని కానిస్టేబులు అంటే, “సాచ్చిం నా బండిని గుద్దొచ్చు, నాను దాని మీద గుడ్డలు ఆరేసుకోకూడదేటి?” అంది. ఆమె అమ్మేది మునుపటిలో సగం కూడా లేదు. పోలీసులకు అసలు అమ్మేదే కాదు. తాతారావు ప్రతి ఉదయం వచ్చి దూరంగా నిలబడేవాడు. ఆమె తలెత్తకుండానే, అక్కడున్న గిరాకీలకు చెప్తున్నట్టు గట్టిగా అనేది.

“బండి పోనాది, పోనీ. ఇనప ముక్క, మళ్ళీ వస్తాది. ‘తప్పైపోనాది సెల్లీ’ అనడానికి ఈ మనిసికి నోరు రాలేదు సూడండి! ఇన్నేళ్ళు నా సేతి ఇడ్లీలు తిన్న నోరది!”

తాతారావు టీ కొట్టులో రెండు బిస్కెట్లు తిని పైకి ఎక్కి వెళ్ళిపోయేవాడు. ఆయన పొట్ట నా కళ్ళ ముందే తగ్గిపోయింది. నాకైతే ఆ ఇన్సూరెన్సు కంపెనీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. మనిషికి మనిషి చెప్పుకునే మాటను కూడా వీళ్ళు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారా అనుకున్నాను. నా నడుం మీద వాళ్ళ పేరు ఉన్నందుకు సిగ్గేసింది కూడా.

సర్వేయరు మర్నాడు వస్తాడనగా, పొద్దు వాలుతుండగా తాతారావు వచ్చాడు. యూనిఫాం లేదు, లుంగీ మీద ఉన్నాడు. కాపలా కానిస్టేబులు టీకి వెళ్ళాడు. బంగారమ్మ నా పక్కన కూర్చుని గిన్నెలు తోముతోంది. ఆయన కాసేపు నా వైపు తిరిగి నా చక్రాలు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి కింద కూర్చున్నాడు.

“తప్పు నాదే సెల్లీ. ఇటుక తీసింది నానే. నిమ్మకాయ పెట్టింది నానే. ఆ రోజే సెప్పాల, సెప్పనివ్వలేదు. నాను సెప్పినట్టు తెలిస్తే ఆ కంపెనీవోళ్ళు పైసా ఇవ్వరు, నా సుక్క కూడా పోతాది. అయినా ఇది కడుపులో పెట్టుకుని నాను తిరగలేను. రేపు ఆయనడిగినా ఇదే సెప్తాను. నీ బండి ఎలాగోలా నానే సేయిస్తాను.”

బంగారమ్మ గిన్నె తోముతూనే ఉంది. ఆ గిన్నె ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా తోముతోంది. తర్వాత లేచి, మూకుడు కింద మిగిలిన రెండు ఇడ్లీలు తీసి ఆకులో పెట్టి ఆయన ముందు పెట్టింది.

“సట్నీ అయిపోనాది. పొడేసుకో” అంది.

ఆయన తిన్నాడు. తింటూ ముక్కు తుడుచుకున్నాడు. కారప్పొడి ఘాటు అనుకున్నాను. అది కాదని తర్వాత అర్థమైంది.

మర్నాడు సర్వేయరు దక్షిణామూర్తి గారు వచ్చారు. కారు ముందు నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడుతోంది. పక్కన ఫణిభూషణ్. హైమావతి గారు, తాతారావు, బంగారమ్మ ముందే వచ్చి నిలబడ్డారు. కారు ఆగింది గానీ ఆయన దిగలేదు. అద్దం కొంచెం దించి, వాచీ చూసుకుని, మళ్ళీ అద్దం ఎత్తేసుకున్నారు. ఎండ మాడిపోతోంది. చాలాసేపటికి దిగి, ఎవరినీ పలకరించకుండా నా చుట్టూ తిరిగారు. ఇటుకను చూశారు. నిమ్మకాయ కవరు విప్పించి, వాసన తగలగానే రెండడుగులు వెనక్కి వేశారు.

“ఎస్సై గారూ, మొహమాటం లేకుండా చెప్తున్నాను. డ్యూటీలో చేసిన పనికే మా పాలసీ. బారికేడుకు నిమ్మకాయ పెట్టడం పోలీసు డ్యూటీ కాదండి. ఆయన సొంత నమ్మకం. దీనికి మేమేమీ ఇవ్వలేం.”

నా చక్రాలు చల్లబడిపోయాయి. ఫణిభూషణ్ నేల చూపులు చూస్తున్నాడు. హైమావతి గారు మాత్రం నిదానంగా అడిగింది, “సార్, మీరు వచ్చి చాలాసేపైంది. ఎండలో మమ్మల్ని నిలబెట్టి కారులోనే ఎందుకు కూర్చున్నారు?”

“రాహుకాలం అమ్మా. అది వెళ్ళేదాకా నేను తనిఖీ మొదలుపెట్టను. నా సర్వీసులో ఎప్పుడూ పెట్టలేదు.”

“ఆ కూర్చున్నంతసేపూ మీరు సెలవులో ఉన్నట్టా, డ్యూటీలో ఉన్నట్టా?”

“డ్యూటీలోనే కదా! పని సవ్యంగా జరగడానికే కదమ్మా ఆగింది.”

“మా తాతారావూ అంతే సార్. పని సవ్యంగా జరగడానికే నిమ్మకాయ పెట్టాడు.”

దక్షిణామూర్తి గారు తన కారు ముందు ఊగుతున్న నిమ్మకాయను చూశారు. మా నిమ్మకాయను చూశారు. గొంతు సవరించుకుని, కలం తీసి, “డ్యూటీలో భాగమే” అని రాసుకున్నారు. ఫణిభూషణ్ ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు వినిపించింది.

“ఇక ఆఖరి సంగతి” అన్నారు ఆయన. తాతారావు వైపు తిరిగారు. “సూటిగా చెప్పండి. మీరు ఈవిడ దగ్గర ఎప్పుడైనా తప్పు ఒప్పుకున్నారా? క్షమించమని అడిగారా?”

తాతారావు నిటారుగా నిలబడ్డాడు. ఆయన చెయ్యి జేబులో కళ్ళజోడు డబ్బా మీద ఉంది. నోరు తెరిచాడు. అయిపోయింది, ఈయన నిజం చెప్పేస్తాడు, చుక్కా పోయింది, బండీ పోయింది అనుకున్నాను.

“ఆయన్నడుగుతారేటి బాబూ! నన్నడగండి!” అని బంగారమ్మ చీర కొంగు బిగించి మధ్యలోకి వచ్చేసింది. “ఈ మనిసి తప్పొప్పుకోడమా? ఇన్ని రోజులూ ఈ ఈదిలో ఎవుల్నన్నా అడగండి! నా బండి తుక్కు తుక్కు సేసీసి, ఎదురుగా నిలబడి, సెమించమని ఒక్క ముక్క అన్నాడేటి? బండరాయండీ బాబూ, బండరాయి! ఆ ఇటుకకైనా జాలున్నాది గానీ ఈయనకి లేదు!”

“సారూ, నిజానికి నిన్న నాను...” అని తాతారావు మొదలుపెట్టాడు.

“నోరు ముయ్యండి హెడ్డుగారూ! ఇన్నాల్లూ లేని నోరు ఇప్పుడొచ్చీసిందేటి? నాను మాటాడతన్నాను కదా!”

“అది కాదు సెల్లీ...”

“ఎవులు సెల్లి? ఎవులికి సెల్లి? సూసినారా బాబూ, ఎంత పొగరో!”

ఆమె అరుపులకు ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చేశారు. తాతారావు మూడోసారి నోరు తెరవబోతే ఇడ్లీ గుడ్డ ఒకటి నా మీది నుంచి లాగి ఆయన మీదికి విసిరింది. తడిగుడ్డ ఆయన ముఖానికి అతుక్కుపోయింది. దక్షిణామూర్తి గారు బెదిరిపోయి గబగబా రాసుకున్నారు. రాస్తూ పైకే చదివారు, “సదరు తాతారావు ఎటువంటి క్షమాపణా చెప్పలేదు. ఏ కోశానా పశ్చాత్తాపం చూపలేదు. క్లెయిము మంజూరు చేయవచ్చును.”

పశ్చాత్తాపం లేదని రుజువైనందుకు ఒక మనిషికి మేలు జరగడం నేను అక్కడే చూశాను. గుడ్డ తీసేసరికి తాతారావు కళ్ళు తడిగా ఉన్నాయి. గుడ్డ తడి అని అందరూ అనుకున్నారు.

కొత్త బండి వచ్చింది. దాని మీద ‘మీరు హాయిగా నిద్రపోండి’ అని రాయించుకోమని ఫణిభూషణ్ బతిమాలాడు. పొద్దున్నే ఇడ్లీలు తినడానికి వచ్చేవాళ్ళను నిద్రపొమ్మంటావేటి అని బంగారమ్మ తరిమేసింది. తాతారావు ఏఎస్సై అయ్యాడు. కళ్ళజోడు డబ్బాలో ఇప్పుడు కళ్ళజోడే ఉంటోంది.

నన్ను పనికిరానిదని రాసి పక్కన పడేశారు. పాత ఇనుము కింద వేలం వేస్తుంటే బంగారమ్మే కొనుక్కుంది. చక్రాలు కోయించేసింది, ఆ విషయంలో ఆమెను నేను తప్పుపట్టను. ఇప్పుడు కొత్త బండి వెనక నిలబడి, పొయ్యి ఆరిపోకుండా సముద్రపు గాలిని ఆపుతున్నాను. మనుషులను ఆపడంకంటే గాలిని ఆపడం సుఖం, అది హారన్ మోగించదు. నా పాత ఇటుక కొత్త బండి చక్రం కింద ఉంది. అప్పుడప్పుడూ మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటాం.

ప్రతి ఉదయం ఏఎస్సై తాతారావు భుజం మీద చుక్కతో దిగి వస్తాడు. ఆకు చేత్తో పట్టుకుని, గిరాకీ పలచబడేదాకా ఆగి, మెల్లగా అంటాడు, “తప్పైపోనాది సెల్లీ.”

బంగారమ్మ గబుక్కున రోడ్డు అటు చివరా ఇటు చివరా చూస్తుంది.

“నెమ్మది అన్నియ్యా! ఎవులన్నా ఇంటారు” అని గసిరి, ఆయన ఆకులో ఇంకో ఇడ్లీ వేస్తుంది.

ఇప్పుడది మీరు కూడా విన్నారు. మూడుమెట్ల జంక్షన్ వైపు వస్తే ఆ ఇడ్లీ తిని వెళ్ళండి, పక్కన ఎవరైనా రెండు ఫోన్లు బెల్టుకు పెట్టుకుని కనిపిస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు చట్నీ అడగండి.